మా పల్లె మిల్ట్రీ తాత

ముసునూరు అనగానే చరిత్ర చదువుకున్నోళ్లకు ముసునూరి నాయకులు గుర్తొస్తారు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ, కాపయ ఢిల్లీ సుల్తాను సేనల్ని ఎదిరించారని పుస్తకాలు చెబుతాయి. ఏ పుస్తకంలోనూ లేని మా మాలపల్లె సిపాయి సంగతి నేను చెబుతాను. ఆయన మా నాయనమ్మ తమ్ముడు.

నూజివీడు సీమ మామిడి తోటల్లో పాదులు తవ్వింది, నీళ్లు మోసింది, రాత్రుళ్లు కాపలా కాసింది మావాళ్లే. రాలిన కాయ ఏరుకుంటే మాత్రం దొంగలం. 1942 ఏప్రిల్ 6న జపానోళ్లు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశారు. ఆ ఏడే తాత పలుగూ పారా వదిలి పటాలంలో చేరాడు. "దేశం కోసమా పాడా! రెండు పూటలా కూడు, కాళ్లకు బూట్లు ఇస్తారని ఎల్లాడు" అనేది నాయనమ్మ. ఊళ్లో చెప్పులు చేతబట్టుకు నడిచేవాడికి బూట్లంటే మాటలా?

మిల్ట్రీ మాకు కొత్తదేం కాదు. కంపెనీ కాలం నాటి మద్రాసు సైన్యంలో మాల, పరయ కులాలోళ్లు పనిచేశారు. 1881 నుంచి 1885 దాకా ఆ సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, మద్రాసోళ్లు యుద్ధానికి పనికిరారన్నాడు. యుద్ధజాతులంటూ కొన్ని కులాల్నే ఎంచారు. మద్రాసు కాల్బలాన్ని విడతలవారీగా తీసేసి 1928 నాటికి లేకుండా చేశారు. మహారులకు 1890లలోనే తలుపులు మూశారు. అంబేద్కర్ తండ్రి సుబేదారు రాంజీ సక్పాల్ పనిచేసిన సైన్యమే అది. రెండో యుద్ధంలో చావడానికి మనుషులు చాలకపోయేసరికి 1941లో మహార్ రెజిమెంటు పెట్టారు, మద్రాసు రెజిమెంటును మళ్లీ లేపారు. పనికిరాని కులాలు అప్పుడు పనికొచ్చాయి.

తాత బర్మా సరిహద్దులో రోడ్లేసే దళంలో ఉండేవాడంట. ఊళ్లో తవ్విన పలుగే అక్కడా. 1944లో చనిపోయాడని కాయితం వచ్చింది. పల్లెలో చదివేవాళ్లు లేరు. కరణం అరుగు మీద కూర్చుని చదివి, కాయితాన్ని పైనుంచి వదిలాడు. కింద నిలబడ్డ తాత తల్లి కొంగు పట్టి అందుకుంది. కొడుకు చావు కబురు కూడా తాకకుండానే ఇచ్చారు.

ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షల మంది. పోయినవాళ్లు దాదాపు 87 వేలు. రంగూన్ పక్కన తౌక్యాన్ స్మారకం స్తంభాల మీద, సమాధి దొరకని సుమారు 27 వేల మంది పేర్లు చెక్కి ఉన్నాయి. అక్కడ కులం వరస లేదు. పరాయి దేశపు రాయి మీద దొరికిన ఆ సమానం మా ఊరి అరుగు ముందు దొరకలేదు.

ముసునూరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. రేపు దాని చరిత్ర రాసేవాళ్లు కత్తి పట్టినోళ్లతోపాటు పలుగు పట్టి యుద్ధానికి పోయి తిరిగిరానోళ్లనూ రాయాలి. వాళ్ల పేర్లు పల్లె ముసలోళ్ల నోళ్లలో ఉన్నాయి. అవి పోకముందే అడగండి.