గోడకు పాత ఫోన్ తీగలున్నాయా? కత్తిరించే ముందు ఇలా గుర్తుపట్టండి

ఇంటికి రంగులు వేయించేటప్పుడో, కొత్తగా ఫైబర్ కనెక్షన్ తీసుకునేటప్పుడో గోడ మూలన పాత ప్లాస్టిక్ డబ్బా, దాన్నుంచి వేలాడే తీగలు కనిపిస్తుంటాయి. పనికిరానివనుకుని తెంపేస్తే ఒక్కోసారి అపార్ట్‌మెంట్ ఇంటర్‌కమ్ మూగబోతుంది. ఏ తీగ దేనిదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చివరనున్న ప్లగ్గు, లోపలున్న తీగల సంఖ్య చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ల్యాండ్‌లైన్ తీగ

స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే నల్లటి జంట తీగను డ్రాప్ వైర్ అంటారు. ఇది రోజెట్ బాక్స్ అనే చిన్న డబ్బా దగ్గర ఆగుతుంది. ఒక ఫోన్ పనిచేయడానికి రెండు రాగి తీగలు చాలు. డబ్బా నుంచి ఫోన్‌కు వెళ్లే తీగ చివరనుండే ప్లగ్గు పేరు ఆర్‌జే-11. దీంట్లో సాధారణంగా రెండు లేదా నాలుగు లోహపు పిన్నులుంటాయి. రిసీవర్‌కు ఉండే చుట్టల తీగ ప్లగ్గు ఇంకా చిన్నది. అది గోడ సాకెట్‌కు సరిపోదు.

తీగకు మధ్యలో మూడు రంధ్రాల చిన్న డబ్బా కనిపిస్తే అది స్ప్లిటర్. ఒకే లైన్‌పై వచ్చే ఫోన్‌ను, డీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌ను ఇది వేరుచేస్తుంది.

ఇంటర్నెట్ తీగ

ఆర్‌జే-45 ప్లగ్గు కాస్త వెడల్పుగా ఉంటుంది. ఎనిమిది పిన్నులు, లోపల నాలుగు జతల తీగలు ఉంటాయి. పైతొడుగుపై క్యాట్-5ఈ, క్యాట్-6 అని ముద్రించి ఉంటే పారేయకండి. గదుల మధ్య ఇంటర్నెట్‌కు పనికొస్తుంది.

ఫైబర్, కేబుల్ టీవీ

ఫైబర్‌లో సమాచారం గాజు పోగు గుండా వెళ్తుంది. ఇళ్లలో దాని కనెక్టర్ ఎక్కువగా ఆకుపచ్చ లేదా నీలం రంగులో, చతురస్రంగా ఉంటుంది. గుండ్రటి లావు తీగ, మధ్యలో ఒకే లోహపు కమ్మీ, మర తిప్పి బిగించే కనెక్టర్ ఉంటే అది టీవీ కేబుల్.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

• పనిచేస్తున్న ల్యాండ్‌లైన్‌లో దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రింగు వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ వోల్టేజీ ఏసీ తోడవుతుంది. షాక్ తగలొచ్చు. తడిచేతులతో ముట్టుకోవద్దు.
• ఆర్‌జే-11 ప్లగ్గు ఆర్‌జే-45 రంధ్రంలో దూరుతుంది. అలా పెడితే పిన్నులు వంగొచ్చు, రింగు వోల్టేజీకి రూటర్ పాడవ్వొచ్చు.
• ఫైబర్ చివరను కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. లోపలి కాంతి కంటికి కనిపించకపోయినా హాని చేయగలదు.
• అపార్ట్‌మెంట్లలో ఇంటర్‌కమ్, లిఫ్టు అత్యవసర ఫోన్ కూడా ఇలాంటి రాగి తీగలపైనే నడుస్తుంటాయి. ముందు అసోసియేషన్‌ను అడగండి.
• తీగ తెంపినంత మాత్రాన కనెక్షన్ రద్దయినట్లు కాదు. సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. గతంలో కట్టిన డిపాజిట్ ఉంటే వాపసు గురించి అప్పుడే అడగండి.