తిట్టు పనిచేసిందా?

మార్కులు తగ్గాయని పిల్లాడికి గట్టిగా చీవాట్లు పెడతాం. తర్వాతి పరీక్షలో పెరుగుతాయి. ఎక్కువొచ్చాయని మెచ్చుకుంటాం, ఈసారి తగ్గుతాయి. పొగిడితే చెడిపోతారన్న నమ్మకం మన ఇళ్లలో ఇలాగే పాతుకుపోయింది. అందులోని తిరకాసు బయటపడటానికి చాలా ఏళ్లే పట్టింది.

కథ గింజలతో మొదలైంది. 1875లో ఇంగ్లండులో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ స్వీట్ పీ గింజల్ని పరిమాణాన్ని బట్టి ఏడు రకాలుగా విడదీసి, స్నేహితులకిచ్చి నాటమన్నాడు. పెద్ద గింజలకు పుట్టినవి పెద్దవే, కానీ తల్లి గింజలంత కాదు. చిన్నవాటి సంతానం కూడా సగటు వైపే జరిగింది. 1886లో 205 జంటల ఎత్తులూ, వాళ్ల ఎదిగిన పిల్లలు 928 మంది ఎత్తులూ పట్టిక వేస్తే మళ్లీ అదే తీరు. దీనికి రిగ్రెషన్ అని పేరు పెట్టాడు. తెలుగులో ప్రతిగమనం అంటున్నాం. తమాషా ఏమిటంటే, పట్టికను తిరగేసి చదివినా అంతే: బాగా పొడుగైన పిల్లల తల్లిదండ్రులు సగటున వాళ్లంత పొడుగు కారు. పిల్లల వల్ల తల్లిదండ్రులు పొట్టివాళ్లవరు కదా! అంటే ఇక్కడ ఏ శక్తీ ఎవర్నీ లాగడం లేదు.

చదువుకున్నవాళ్లూ ఇందులో బోల్తాపడ్డారు. 1933లో హొరేస్ సెక్రిస్ట్ అనే అమెరికన్ ఆచార్యుడు, వ్యాపారాలన్నీ మధ్యరకానికి దిగజారుతున్నాయని లావుపాటి పుస్తకమే రాశాడు. అది ఉత్త ప్రతిగమనమేనని చూపి గణాంకవేత్త హెరాల్డ్ హోటలింగ్ ఒక్క సమీక్షతో దాని గాలి తీసేశాడు.

లెక్కకు మనసు తోడైంది 1960లలో, ఇజ్రాయెల్‌లో. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ వైమానిక శిక్షకులకు మెప్పు విలువ చెప్పి ముగించగానే ఓ అనుభవజ్ఞుడు అడ్డు చెప్పాడు: బాగా చేశావంటే మరుసటిసారి చెడగొడతారు, అరిస్తే బాగుచేస్తారు, నేను కళ్లారా చూస్తున్నాను కదా అని. కానమన్ వాదించలేదు. నేలమీద సుద్దతో గురి గీసి, అటు వీపు తిప్పి నిలబడి రెండేసి నాణేలు విసరమన్నాడు. మొదటిది గురికి దగ్గరగా పడ్డవాళ్లలో ఎక్కువమందికి రెండోది దూరంగా పడింది. దూరంగా పడ్డవాళ్లకు దగ్గరైంది. ఎవర్నీ తిట్టలేదు, పొగడలేదు.

సహచరుడు ఆమోస్ ట్వెర్స్కీతో కలిసి దీన్ని 1973లో అచ్చులో పెట్టాడు. 2002లో నోబెల్ వచ్చినప్పుడు ఆనాటి సంగతి నెమరేసుకుంటూ, ఆ రెండు నాణేలతో శిక్షకుల జీవితకాలపు అనుభవం చెరిగిపోతుందని తాను అప్పుడే అనుకోలేదని రాశాడు.