ఎత్తు మడి: మట్టి తయారీ

కూరగాయల కోసం చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా కట్టే మడి ఎత్తు మడి. నీరు నిలిచే నల్లరేగడిలో దీని అవసరం ఎక్కువ. ఇసుక నేలల్లో త్వరగా ఆరిపోతుంది కనుక అంత ఎత్తు అక్కర్లేదు. సాధారణంగా వెడల్పు 1 మీటరు, ఎత్తు 15 సెంటీమీటర్లు. మడిని తొక్కకుండా రెండు పక్కల నుంచీ చేయి నడిమికి అందాలి, వెడల్పుకు లెక్క ఇదే.

ముందు అడుగు నేలను పారతో తిరగేసి తుంగ గడ్డలు ఏరేస్తారు. విసుగు పుట్టించే పనే, కానీ ఎగ్గొడితే తుంగ కొత్త మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. 3 మీటర్ల పొడవు మడికి సుమారు 450 లీటర్ల మిశ్రమం పడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపవచ్చు. నల్లరేగడిలో నాలుగు గుప్పెళ్ల ఇసుక చల్లి లాభం లేదు. దాన్ని గుల్లబరిచేది సేంద్రియ పదార్థమే.

పచ్చి పేడ వేయడం తరచూ జరిగే పొరపాటు. అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి లేత వేళ్లు దెబ్బతింటాయి, వేరుపురుగూ చేరుతుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో తడిపిన మడిపై పారదర్శక పాలిథిన్ పట్టా 4 నుంచి 6 వారాలు కప్పితే, ఎండ వేడికి కలుపు విత్తనాలు, తెగుళ్ల శిలీంధ్రాలు చాలావరకు నశిస్తాయి. నారుకుళ్ళును అదుపు చేసే ట్రైకోడెర్మాను ఆ తరువాతే కలపాలి. తొలి తడులకే మట్టి అణిగి ఎత్తు తగ్గుతుంది. విత్తే ముందు మరికొంత మిశ్రమం పోసి సరిచేస్తారు.