ఏటీ అనే రెండక్షరాల కథ: తంతి నుంచి బావి మోటారు దాకా



పోయిన వారం మన గ్రూపులో ఒకాయన అడిగినారు: "సెల్లుతో మోటారు వేసే పెట్టె బావికాడ పెట్టించుకున్నాం. అందులో సిమ్ ఉంది సరే, ఆ సిమ్‌తో మాట్లాడేది ఎవరు, ఏ భాషలో?" నలుగురు నవ్వి వదిలేసినారు. నాకు మాత్రం మంచి ప్రశ్న అనిపించింది. జవాబు రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి, తెలుగు రాత ఇంట్లో నేర్చినది. మాట అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ముందు మన రైల్వే సంగతి. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలు దారి పడింది 1864లో. ఆ కాలంలో పట్టాల పక్కనే తంతి కంబాలు కూడా నడిచినాయి. తంతి మీద స్టేషను పేరు మొత్తం కొడుతూ కూర్చోలేరు గదా, అందుకని ప్రతి స్టేషనుకూ రెండు మూడు అక్షరాల గుర్తు పెట్టినారు. జోలార్‌పేటకు జేటీజే, తిరుపత్తూరుకు టీపీటీ, కాట్పాడికి కేపీడీ, గుడియాత్తానికి జీవైఎం, వాణియంబాడికి వీఎన్, ఆంబూరుకు ఏబీ. ఈ పొద్దు మీ టిక్కెట్టు మీద కనపడేది ఇవే. తంతి గుమాస్తా ముందు ఎదుటి స్టేషను గుర్తు కొడతాడు. అవతలివాడు "ఉన్నాను" అంటేనే సేతి వస్తుంది. పిలుపు వేరు, విషయం వేరు. రెండూ పోయేది మాత్రం ఒకే తీగలో. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

ఇప్పుడు అమెరికాలో అట్లాంటా ఊరికి పోదాం. 1970ల్లో కంప్యూటరుతో ఇంకో కంప్యూటరును కలపాలంటే చాలావరకు మనిషే ఫోను తిప్పాలి. అవతల కూత వినపడగానే ఫోను చెవిని రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించి పెట్టాలి. కంప్యూటరు తనంతట తాను నంబరు తిప్పేది అరుదు. డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అనే ఇద్దరు 1977లో మోడెములు చేయడం మొదలుపెట్టి, 1981లో స్మార్ట్‌మోడెం అనే పెట్టెను తెచ్చినారు. దాని వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. ఈనాటి లెక్కకు నత్త నడక. కానీ దాని గొప్ప వేగంలో లేదు. కీబోర్డులో ఆజ్ఞ కొడితే అదే నంబరు తిప్పుతుంది, అదే ఫోను ఎత్తుతుంది, అదే పెడుతుంది.

ఆజ్ఞలన్నీ ఏ, టీ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతాయి. అటెన్షన్ అనే మాటకు అది పొట్టి రూపు, మన తంతిలో స్టేషను గుర్తు మాదిరి. తర్వాత డీ కొట్టి నంబరు ఇస్తే డయలు చేస్తుంది. ఏ అంటే వచ్చిన కాలు ఎత్తుతుంది. హెచ్ అంటే పెట్టేస్తుంది. జెడ్ అంటే మొదటి స్థితికి పోతుంది. ఆ రెండక్షరాలకు ఇంకో పని కూడా ఉంది. కంప్యూటరు ఎంత వేగంతో పంపుతున్నదో మోడెం ఆ అక్షరాల నిడివి కొలిచి తెలుసుకుంటుంది. పిలుపే కొలబద్ద అయింది.

ఇక అసలు చిక్కు. లైను కలిసినాక ఆ తీగలో పోయేదంతా విషయమే. మధ్యలో "ఫోను పెట్టెయ్" అని మోడెముకు చెప్పాలంటే ఎట్లా? అది ఆ మాటను కూడా విషయమే అనుకుని అవతలికి పంపేస్తుంది. దీనికి హెదరింగ్టన్ చేసిన ఉపాయం మౌనం. ఒక సెకను ఏమీ పంపకుండా ఊరకుండాలి, +++ అని మూడు గుర్తులు కొట్టాలి, మళ్ళీ ఒక సెకను ఊరకుండాలి. అప్పుడు మోడెం "ఇది నాకు చెప్పే మాట" అని గ్రహిస్తుంది. ఈ ఉపాయానికి 1985లో పేటెంటు వచ్చింది. కొన్ని కంపెనీలు ఆ పేటెంటుకు డబ్బు కట్టకుండా మౌనాన్ని తీసేసి చేసినాయి. దాంతో ఎవరైనా పంపే రాతలో ఆ మూడు గుర్తులూ, వెనకాలే ఫోను పెట్టే ఆజ్ఞా ఉంటే లైను తెగిపోయేది. ఊరకుండటం కూడా ఒక మాటే అని దీంతో తెలుస్తుంది.

హేస్ కంపెనీ 1994లో దివాలా కోర్టుకు పోయింది, 1999లో మూతబడింది. ఆ రెండక్షరాలు మాత్రం చావలేదు. ఐరోపాలో జీఎస్ఎం సెల్‌ఫోను పద్ధతి తయారైనప్పుడు, సెల్ మోడెముకు ఆజ్ఞలు ఎట్లా ఇవ్వాలనే ప్రశ్న వచ్చింది. కొత్త భాష కల్పించలేదు. ఏటీ భాషకే ప్లస్ గుర్తు చేర్చి పెంచినారు. మనదేశంలో మొదటి సెల్‌ఫోను కాలు 1995 జులై 31న, కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో సుఖ్‌రామ్‌తో మాట్లాడినది. అట్లా వచ్చిన సెల్ నెట్‌వర్కు మీదే మన బావి పెట్టెలు నడుస్తున్నాయి.

పెట్టె లోపల ఒక చిన్న చిప్పు, ఒక సెల్ మోడెం ఉంటాయి. కరెంటు రాగానే చిప్పు మోడెమును వరసగా అడుగుతుంది. మొదట ఏటీ: ఉన్నావా? ఓకే అని జవాబు. ఏటీ+సీపిన్: సిమ్ సరిగా ఉందా? ఏటీ+సీఎస్‌క్యూ: సిగ్నలు ఎంత? దీనికి 0 నుంచి 31 దాకా అంకె వస్తుంది, 99 వస్తే తెలియదని అర్థం. ఏటీ+సీరెగ్: నెట్‌వర్కు మనల్ని చేర్చుకుందా? 1 వస్తే సొంత నెట్‌వర్కు, 5 వస్తే రోమింగు, 2 వస్తే ఇంకా వెతుకుతున్నది, 3 వస్తే రానివ్వలేదు. ఇంటర్నెట్టు కావాలంటే ఏటీ+సీజీడీకాంట్ అని ఏ వాకిట్లో పోవాలో చెప్పి, తర్వాత *99# కు డయలు చేయాలి. ఎస్సెమ్మెస్ పంపాలంటే ఏటీ+సీఎంజీఎస్. బండి వదిలే ముందు గార్డు, డ్రైవరు, స్టేషను మాస్టరు ఒక్కొక్కటీ సరిచూసుకున్నట్టే. ఒకటి తప్పితే తర్వాతది లేదు.

బావికి ఈ పెట్టె ఎందుకు వచ్చింది? రైతుకు మూడు ఫేజుల కరెంటు ఏ రాత్రికో వస్తుంది. ముసలాయన టార్చిలైటు పట్టుకుని, పాములుండే గట్టు మీద నడిచి పోయి స్టార్టరు నొక్కాలి. మన ఇండ్లల్లో ఈ బాధ తెలియనిది ఎవరికి? పుణెలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు ఇట్లా పొలానికి నడిచే తన తాతను చూసి నానో గణేశ్ అనే పరికరం చేసినారు. బెంగళూరులో మన తెలుగాయన దిన్నెపు విజయభాస్కర రెడ్డి కిసాన్ రాజా అనేదాన్ని తెచ్చినారు. తమిళనాడు వ్యవసాయ ఇంజనీరింగు శాఖ సెల్లుతో నడిచే పంపుసెట్టు పెట్టెలకు సబ్సిడీ ఇస్తున్నది. కావలసినవాళ్ళు ఆ శాఖ ఆఫీసులో అడగండి.

చరిత్ర ఇంతవరకు. దీన్ని రాయడానికి కారణం వేరే ఉంది. ఏటీ ఆజ్ఞకు ఓకే అని జవాబు వస్తే, మోడెం ఆజ్ఞ తీసుకుంది అని మాత్రమే అర్థం. మోటారు తిరిగిందని కాదు, బావికాడ మనిషి లేడని అసలే కాదు. రైల్వేలో లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు నోటిమాట చాలదు. ప్రైవేటు నంబరు అనే అంకె ఇచ్చి పుచ్చుకుని రిజిస్టరులో రాయాలి. ఆ నంబరు లేకుంటే బండి కదలదు. మన పెట్టెకు అట్లాంటి నంబరు లేదు. పట్నంలో కూర్చున్న కొడుకు సెల్లు నొక్కుతాడు, ఆ నిమిషానే తండ్రి మోటారు మీద చెయ్యి వేసి ఉంటాడు. ఆ పెట్టెకు ఇద్దరూ కనపడరు.

కాబట్టి దయచేసి ఈ నాలుగు పాటించండి. మోటారును, తీగను ముట్టే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, జోబిలో వేసుకోండి. సెల్లులో ఆఫ్ కొట్టినాం గదా అని నమ్మవద్దు, ఆటో స్టార్టరును అంతకన్నా నమ్మవద్దు. ఇంట్లో ఎవరెవరి నంబర్లు ఆ పెట్టెలో ఎక్కించినారో రాసి పెట్టుకోండి, పని ముగిసేదాకా వాళ్ళకు ఫోను చేసి చెప్పండి. రెండోది, పెట్టెలోని సిమ్‌కు రీఛార్జి గడువు దాటనివ్వవద్దు. సిమ్ చస్తే మోటారు ఆపే ఆజ్ఞ కూడా చేరదు. మూడోది, కొత్తగా కొనేవాళ్ళు 4జీ మోడెం ఉందా అని అడగండి. పాత పెట్టెలు 2జీవి, జియో సిమ్ వాటిలో పనిచేయదు. నాలుగోది, మోటారు నిజంగా తిరిగినాక తిరిగి సేతి పంపే పెట్టెనే కొనండి.

మన దేశంలో తంతి సేవ 2013 జులై 14 రాత్రితో ముగిసింది. పిలిచి, జవాబు విని, ఆ తర్వాతే మాట చెప్పే పద్ధతి మాత్రం మన బావిగట్టు మీది పెట్టెలో బతికే ఉంది. జవాబు వినే ఓపిక మనకు కూడా ఉండాలి. మీ బావులకాడ ఇట్లాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో, ఏ నెట్‌వర్కు బాగా అందుతున్నదో కింద రాయండి. వచ్చే కూటమిలో లెక్క తీసుకుందాం.