పక్షవాతము, తాపము : ఒక శాస్త్ర చరిత్ర

కొత్తచెరువు ప్రాంతపు పల్లెలలో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయి, ఒక ప్రక్క కాలుచేతులు పడిపోతే ‘గాలి సోకింది’ అనడము పాత అలవాటు. చరక సంహిత కూడా ఈ జబ్బును వాతవ్యాధులలోనే చేర్చింది. ఇది మెదడు రక్తనాళములకు కలిగే విఘాతమని తెలియడానికి చాలా కాలము పట్టింది. గాయము తరువాత మెదడులో ఏమి జరుగుతుందో తెలియడానికి ఇంకా ఎక్కువ కాలము పట్టింది. ఆ రెండవ కథలో ఒక తెలుగువాని పేరు రెండు చోట్ల కనిపిస్తుంది.

1658లో స్విట్జర్లాండు వైద్యుడు యోహాన్ వెప్ఫర్ ఈ వ్యాధితో మరణించినవారి మెదడులను కోసి పరీక్షించి, లోపలి రక్తస్రావమును వర్ణించాడు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలములో జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో రక్తపుగడ్డలు ధమనులను ఎట్లా మూసివేస్తాయో వివరించాడు. అయితే నాళము మూసుకుంటే నిమిషాలలోనే కణములు ఎందుకు చావాలి?

ఆ ప్రశ్నకు సమాధానము వేరే దారిలో వచ్చింది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి, కణములకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థమును 1929లో వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు. మెదడుకు శక్తి నిల్వలు బహుస్వల్పము. రక్తము ఆగితే ఏ.టి.పి. తరిగిపోతుంది, కణపు పొరలోని లవణముల పంపులు ఆగిపోతాయి, కణము ఉబ్బి చనిపోతుంది.

కథ అక్కడితో ముగియదు. చనిపోతున్న కణములు వెదజల్లే పదార్థములను పసిగట్టి మెదడులోని రక్షక కణములు మేలుకొంటాయి. అవి ఇంటర్‌ల్యూకిన్-1, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి తాపజనక మాంసకృత్తులను విడుదల చేస్తాయి. కాలేయము కూడా సి.ఆర్.పి. అనే మాంసకృత్తును రక్తములోకి వదులుతుంది. ఈ సి.ఆర్.పి.ని 1930లో న్యుమోనియా రోగుల రక్తములో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. నేడు మన ఊరి ల్యాబులలో చేసే పరీక్ష దానిదే.

1992లో ఇంగ్లండుకు చెందిన నాన్సీ రాత్‌వెల్ బృందము ఎలుకలలో ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకొని మెదడు నష్టమును తగ్గించింది. ఇక తాపమును అణచివేస్తే చాలునని పలువురు ఆశించారు. కాని 1996లో మరొక ప్రయోగము ఎదురుతిరిగింది : ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ సందేశమును అందుకోలేని ఎలుకలలో నష్టము పెరిగింది. 2001లో ప్రచురితమైన ఎన్లిమోమాబ్ పరీక్షలో, తెల్లకణములు మెదడులోకి చొరబడకుండా ఆపే ఆ మందు పొందిన రోగుల పరిస్థితి మందు పొందనివారికంటె హీనమైనది.

ఈ వైరుధ్యమునకు ఒక జవాబు 2006లో లభించింది. మొదటి రోజున రక్తనాళపు గోడను తినివేసే ఒక ఎంజైముల వర్గమే, వారము తరువాత కొత్త నాళములు అల్లుకోవడానికి తోడ్పడుతుందని ఎలుకలపై పరిశోధనలో తేలింది. ఆ సమయములో దానిని అడ్డుకుంటే కోలుకోవడమే కుంటుపడింది. తాపము తొలుత ఇల్లు కాల్చే నిప్పు, పిమ్మట శిథిలములను తొలగించే కూలి. ఎప్పుడు ఆపాలో తెలియక ఆపడము ప్రమాదము.

ఇక్కడ సుబ్బారావు గారి పేరు మళ్ళీ వస్తుంది. ఆయన లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలములో, బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్‌ను కనుగొన్నాడు. దానిని 1948లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. తరువాత అదే సంస్థలో ఆ కుటుంబమునుండి మినోసైక్లిన్ పుట్టింది. అది మెదడులోని రక్షక కణముల ఆవేశమును తగ్గిస్తుందని 1998లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు జంతువులలో చూపారు. 2007లో ఇజ్రాయెల్ వైద్యులు రోగులలో మేలును గమనించారు. పిమ్మటి చిన్న పరీక్షలలో ఫలితములు ఒకే తీరుగా లేవు. కావున దానిని మీ అంతట మీరు కొని వాడరాదు.

తాపమును అణచే మందు ఇంకా నిత్యచికిత్సలో స్థిరపడలేదు. స్థిరపడినది గడ్డను కరిగించే చికిత్స. 1995లో మూడు గంటలలోపు, 2008లో నాలుగున్నర గంటలలోపు దాని ప్రయోజనము రుజువైనది. గడ్డ త్వరగా కరిగితే చచ్చే కణములు తగ్గుతాయి, వాటిననుసరించి రగిలే తాపమూ తగ్గుతుంది.

కాబట్టి మూతి వంకర, చేయి బలహీనత, మాట తడబాటు కనిపించిన క్షణమే 108కి ఫోన్ చేయండి. సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకొనివెళ్ళమని అడగండి. లక్షణములు మొదలైన సమయమును వ్రాసి పెట్టుకోండి. అది గడ్డయో, రక్తస్రావమో స్కాన్ తేల్చేవరకు ఆస్పిరిన్ ఇవ్వకండి. వాపు తగ్గుతుందని స్టెరాయిడ్లు వాడకండి, పసరు మందు కోసము దూరపు ఊళ్ళకు ప్రయాణము కట్టకండి. పిమ్మటి వారములు మెదడు తనను తాను బాగుచేసుకొనే కాలము. వైద్యులు చెప్పిన వ్యాయామములను మానవద్దు.