పౌదన్యపురపు మహాప్రతిమ



గడచిన మాఘమాసమున నిజామాబాదు పట్టణములోని ఒక పేటకు చెందిన యువకులు కొందరు నా యొద్దకు వచ్చిరి. తమ కూడలిలో గొప్ప విగ్రహము నొకదానిని నిలుపవలెనని వారి సంకల్పము. “అయ్యగారూ, అది దూరమునుండియే కనబడవలెను. మా పేటకు అదియే గురుతు కావలెను. ఎన్ని అడుగుల ఎత్తు ఉండవలెనో సెలవియ్యండి” అని అడిగిరి. నేను వెంటనే కొలత చెప్పలేదు. మన జిల్లాకే చెందిన ఒక మహాప్రతిమ కథ చెప్పితిని. దానినే నేడు మీకును విన్నవించుచున్నాను.

విగ్రహము ఊరికి గురుతగుట క్రొత్త సంగతి కాదు. ఈ పట్టణమునందే కంఠేశ్వర్ నీలకంఠేశ్వరస్వామి పేరను, గోల్ హనుమాన్ ఆంజనేయస్వామి పేరను పిలువబడుచున్నవి. దారి అడుగువాడును, చెప్పువాడును తమకు తెలియకయే దైవనామమును ఉచ్చరించుచున్నారు. అజామిళోపాఖ్యానము విన్నవారికి దాని ఫలమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక బోధను సంగతి. ఆ పేరు వినగానే మనకు చెరకు తోటలును, 1937లో శక్కర్‌నగరులో నెలకొల్పబడిన నిజాము చక్కెర కర్మాగారమును తలపునకు వచ్చును. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కాని బోధను కీర్తి చెరకుతో పుట్టినది కాదు. మహాభారతము ఆదిపర్వమున కల్మాషపాదుని కుమారుడైన అశ్మకుడను రాజర్షి పౌదన్యమను నగరమును నిర్మించెనని యున్నది. బౌద్ధగ్రంథములు చెప్పు పదునారు మహాజనపదములలో గోదావరీతీరపు అశ్మకము ఒకటి. దాని రాజధాని యగు పోదనమే నేటి బోధనని చరిత్రకారులలో పెక్కురి మతము. పంపకవిని ఆదరించిన వేములవాడ చాళుక్యులు తొలుత ఏలినదియు ఇచ్చటనే యని వారు చెప్పుదురు.

జైనులకు ఈ నగరము బాహుబలి రాజధాని. శ్వేతాంబరులు ఆ రాజధానిని తక్షశిలగా చెప్పుదురు గాని దిగంబర సంప్రదాయమున అది పౌదనపురమే. బాహుబలి తండ్రి ఋషభదేవుడు. మన శ్రీమద్భాగవతము పంచమస్కంధమున ఋషభుని శ్రీమహావిష్ణువు అవతారముగా కీర్తించినది. ఆయన నూర్గురు పుత్రులలో జ్యేష్ఠుడు భరతుడు; ఆయన పేరనే ఇది భారతవర్షమైనది. బాహుబలి కథ మాత్రము భాగవతమున లేదు. అది తొమ్మిదవ శతాబ్దమున జినసేనాచార్యుడు రచించిన ఆదిపురాణమునను, 941లో పంపకవి కన్నడమున రచించిన ఆదిపురాణమునను ఉన్నది.

ఆ కథ ఇది. దిగ్విజయము చేసి వచ్చిన భరతునకు తమ్ముడు తలవంచలేదు. సేనలు నశింపరాదని అన్నదమ్ములిద్దరే దృష్టియుద్ధము, జలయుద్ధము, మల్లయుద్ధము చేసిరి. మూడింటను బాహుబలియే గెలిచెను. ఓడిన భరతుడు చక్రమును ప్రయోగింపగా అది తమ్ముని బాధింపలేదు. రాజ్యలోభము అన్న నెంతవరకు దిగజార్చినదో చూచి బాహుబలి విరక్తుడై, గెలిచిన రాజ్యమును విడిచి, నిలుచున్నచోటనే ఏడాది తపస్సు చేసెను. కాళ్లచుట్టు పుట్టలు పెరిగెను, తీగలు అల్లుకొనెను. అయినను “నా వలన అన్న నొచ్చెను గదా” అను చింత ఒక్కటి మిగిలెను. భరతుడు వచ్చి పూజించిన పిదపనే అది తొలగి ఆయనకు కేవలజ్ఞానము కలిగెనని జినసేనుడు వ్రాసెను.

అట్టి తమ్మునికి భరతుడు పౌదనపురమున 525 ధనుస్సుల ఎత్తుగల ప్రతిమను నిలిపెనని శ్రవణబెళగొళలో సుమారు 1180 నాటి బొప్పణకవి శాసనము చెప్పుచున్నది. ధనుస్సునకు నాలుగు మూరల లెక్కను అది 2,100 మూరలు. ఇది పురాణపు కొలత. కాలక్రమమున ఆ చోటు కుక్కుటసర్పములతో నిండి, దర్శనము దుర్లభమైనదట. గంగరాజుల మంత్రి చాముండరాయడు ఆ మూర్తిని చూడగోరగా, ఆ ప్రదేశము దూరము, దుర్గమము అని పెద్దలు వారించిరి. అప్పుడాయన శ్రవణబెళగొళ కొండపై ఏకశిలలో సుమారు 57 అడుగుల గోమఠేశ్వరుని చెక్కించెను. అది 981 నాటి మాట. నేటికిని పండ్రెండేండ్లకొకమారు అచ్చట మహామస్తకాభిషేకము జరుగుచున్నది, 2018లో జరిగినది.

చూచితిరా! పౌదనపురపు ప్రతిమ నేడు కానరాదు. అయినను దాని మాట విన్న ఒక భక్తుని హృదయమున అది మరల నిలిచి, వేయేండ్లుగా లోకముచే పూజింపబడుచున్నది. ఎత్తు పోయినది, భావము మిగిలినది. గెలిచినవాడు తన ప్రతిమను నిలుపుకొనలేదు. ఓడిన అన్న గెలిచిన తమ్మునికి నిలిపెను. వైరము ముగిసిన చోట వెలసిన విగ్రహమది.

మన కాలమునను గొప్ప విగ్రహములు వెలసినవి. రాయగిరి శిలతో చెక్కిన 58 అడుగుల బుద్ధమూర్తి 1990 మార్చి 10న హుస్సేన్ సాగరులో మునిగి, కొందరి ప్రాణములు పోయినవి. 1992 డిసెంబరులో దానిని వెలికితీసి నిలిపిరి. ముచ్చింతలలో 216 అడుగుల రామానుజాచార్యుల మూర్తి 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైనది. అదియును సమతామూర్తి యనియే పేరుపొందినది.

కాని మరుసటి నెలలోనే, 2022 మార్చి 20న, ఆ బోధను పట్టణమునందే కూడలిలో శివాజీ మహారాజు విగ్రహము నిలుపుట విషయమై ఇరువర్గములు ఘర్షణ పడినవి. 144వ సెక్షను విధింపవలసి వచ్చెను. తప్పెవరిదని నేను విచారింపబోను. అన్నదమ్ముల పోరు త్యాగముతో ముగిసినదని చెప్పబడు ఊరిలో విగ్రహము పేరట రాళ్లు లేచుట చూచి నా మనసు నొచ్చినది. వీరుని గౌరవించుట మంచిదే. ఇరుగుపొరుగును నొప్పించి చేసిన గౌరవము ఆ వీరునికే భారమగును.

ఆ యువకులతో నేను చివరకు ఇట్లంటిని: “నాయనలారా, రహదారులపైన, కూడళ్లలోను విగ్రహములకు అనుమతి ఈయరాదని 2013 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది, కనుక స్థలము వేరుగా వెదకుడు. ప్రాణప్రతిష్ఠ చేసినచో నిత్యము దీపము, ధూపము, నైవేద్యము జరుగవలెను. అవి లోపించుట దోషమని ఆగమములు చెప్పుచున్నవి. ఇరువదియేండ్ల తరువాత, వాన కురియు రాత్రి ఆ దీపము పెట్టువాడెవడో ముందు నిర్ణయింపుడు. అది కుదరనిచో స్మారకముగానే ఉంచుడు. పేటలోని ప్రతి గడపకును, మన మతము కానివారి గడపకును వెళ్లి వారి మాట వినుడు. అందరును ఔనన్న నాడు రండి, ఎత్తు అప్పుడు చెప్పెదను.”

వారు ఆలోచించుకొని వత్తుమని చెప్పి వెళ్లిరి. ఎత్తయిన మూర్తిని చూచుటకు మనము తల పైకెత్తుదుము. ఆ మూర్తి గుణమును చూచుటకు తల వంచవలెను. ఆ రెండవది నేర్చిన పేటకు భగవంతుడే గురుతు.

శుభమస్తు.