మధ్య గోదావరి: కొలిమి, పడవ, గని

జగిత్యాల జిల్లా బీర్పూర్ మండలాన్ని ఆనుకొని పారే గోదావరిని ఇక్కడి జనం గంగ అనే పిలుస్తారు. ఈ తీరంలో ఇనుప రాయి ఉంది, కొంచెం దిగువన నేల కింద బొగ్గు ఉంది, పక్కనే పెద్ద నది ఉంది. అయినా లోహాన్నో బొగ్గునో పడవల మీద మోసే రవాణా వ్యవస్థ ఇక్కడ ఏనాడూ స్థిరపడలేదు. నది అడుగున రాళ్ళుండటం, వేసవిలో నీళ్ళు తగ్గిపోవడం ఇందుకు కారణాలని సాధారణంగా చెబుతారు. అవి నిజమే గాని, పూర్తి కారణాలు కావు. పడవ కావాలన్న సరుకు, ఆ సరుకు చేతికొచ్చే కాలం, నదిలో నీరుండే కాలం ఇక్కడ ఎప్పుడూ ఒకచోట కలవలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

మొదట ఉక్కు సంగతి చూద్దాం. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం నుంచి గోదావరి దాటి నిర్మల్ వైపు దాకా పాత ఊళ్ళ పొలిమేరల్లో ఇనుప చిట్టెం కుప్పలు నేటికీ కనిపిస్తాయి. 2010లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ (నియాస్) పరిశోధకులు ఉత్తర తెలంగాణలో తిరిగి వీటిని నమోదు చేశారు. మెట్‌పల్లికి పడమర, నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రం ఈ పరిశ్రమకు పేరుమోసిన కేంద్రం. రెండు రకాల ఇనుమును మట్టి మూసలో కలిపి, మూత బిగించి, గంటల తరబడి కొలిమిలో కాల్చి ఉక్కు బిళ్ళలు తీసేవారు. 1820 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ పద్ధతినంతా రాసిపెట్టాడు. ఆ వివరం ఆయన పోయాక 1832లో అచ్చయింది. సరుకు నాణ్యతను దగ్గరుండి చూసుకోవడానికి ఇస్ఫహాన్ వర్తకుడు ఒకాయన అక్కడే మకాం వేసిన సంగతీ అందులో ఉంది. నదిని పక్కన పెట్టడం ఆ కమ్మరుల వెనుకబాటుతనం కాదు, చక్కని లెక్క. ఇనుము కరిగించడానికి రాయి కంటే కట్టె బొగ్గులే ఎక్కువ బరువు పడతాయి. అందుకే కొలిమి అడవిని వెతుక్కుంటూ పోయింది గాని రేవును వెతుక్కోలేదు. తయారైన బిళ్ళ చిన్నది, ధర పెద్దది. నాలుగు ఎద్దుల మీద తరలించగల సరుకుకు పడవ దేనికి?

పడవ కావాలని గట్టిగా పట్టుబట్టింది పత్తి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, సముద్రం నుంచి పత్తి పండే బేరార్ దాకా గోదావరిలో స్టీమర్లు నడపవచ్చని ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ వాదించాడు. హేగ్ అనే ఇంజనీరు సర్వే చేసి పనులు నడిపించాడు. నదికి అడ్డం పడిన మూడు రాతి వరుసలను ఆనకట్టలు, లాకులు, కాలువలతో దాటించాలన్నది పథకం. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. అంటే ఆ దారి కాళేశ్వరం దగ్గరే ప్రాణహితలోకి మళ్ళి వార్ధా వైపు పోతుంది. ధర్మపురి, బీర్పూర్ తీరాలు ఆ పటంలోకే రాలేదు. ప్రాణహితలో నీరు ఎక్కువన్న మాట ఒప్పుకోవాల్సిందే. కాని ఆ మలుపును నిర్ణయించింది నీరొక్కటే కాదు, ఆ చివరన ఉన్న పత్తి చేలు కూడా.

ఆ పత్తే పథకాన్ని ముంచింది. ఇక్కడ పడవ నడిచేది వానలు పడి నది నిండిన నెలల్లో. పత్తి ఏరేది చలికాలంలో, నది తగ్గుముఖం పట్టాక. ఏరిన పత్తి మళ్ళీ వరద వచ్చేదాకా గోదాములో మురగాలి. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసి అక్కడి పత్తి తిరిగి మార్కెట్‌కు వచ్చింది, ఇక్కడి పత్తికి గిరాకీ తగ్గింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. రైలుకు వరద అక్కర్లేదు. 1871లో ప్రభుత్వం గోదావరి పనులను ఆపేసింది.

ఇంత తర్కం దేనికి, రాళ్ళే అసలు అడ్డంకి అనేవారికి అమెరికాలోని కొలరాడో నది మంచి జవాబు. ఎడారి నది అది. ఇసుక దిబ్బలు రోజుకో చోటికి మారతాయి, మంచు కరిగే వేసవి మొదట్లో తప్ప నీళ్ళు పలచనే. అక్కడా పడవలు తరచూ ఇసుకలో దిగబడేవి. అయినా 1852లో మొదటి స్టీమర్ యూమా కోట చేరాక, దశాబ్దాల పాటు ఆ రాకపోకలు సాగాయి. మొదట సైనికుల తిండిగింజలు మోశారు. 1862లో లా పాజ్ దగ్గర బంగారం బయటపడ్డాక గనుల సరుకు తోడైంది. కట్టెలు కొట్టి బాయిలర్‌కు అందించింది, మారే దిబ్బల మధ్య దారి చూపింది కోకోపా తెగవారు. పైకి తిండి, పనిముట్లు, కిందికి ఖనిజం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నిండిన పడవ కష్టమైన నదిలో కూడా గిట్టుబాటైంది. 1877లో రైలు యూమా చేరాకే ఆ లెక్క తిరగబడింది. కాబట్టి నది మొండితనం ఒక్కటే తీర్పు చెప్పదు.

మధ్య గోదావరిలో అలాంటి సరుకు కాగలిగింది బొగ్గే. అది మురిగేది కాదు, ఏడాది పొడవునా తవ్వి ఒడ్డున కుప్ప పోసి వరద కోసం ఆగగలదు. కాని అది ఆలస్యంగా చేతికొచ్చింది. వార్ధా లోయ బొగ్గు జాడలు ముందే తెలుసు కదా అనవచ్చు. తెలుసు, కాని వరోరా గని పెరిగింది 1870లలో రైలు శాఖతోనే. ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గును గుర్తించింది సరిగ్గా నది పనులు ఆగిన రోజుల్లోనే. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ తవ్వకం మొదలుపెట్టేనాటికి ఆ గనులకు రైలు శాఖ సిద్ధమైంది. బీర్పూర్‌కు దిగువన రామగుండం, గోదావరిఖని గనులు చాలా తర్వాత వచ్చాయి. పక్కనే నది ఉన్నా ఆ బొగ్గు ఎక్కింది రైలే. గోదావరి మాత్రం ఇంకో దారిన గనిలోకి దిగింది. బొగ్గు తీసేశాక ఏర్పడిన ఖాళీలు కూలకుండా నింపడానికి నది ఇసుకను తీసుకెళ్ళి, నీటితో కలిపి గొట్టాల ద్వారా భూగర్భంలోకి పంపారు.